ముసురు బాకీలు

మా పెద్దమ్మ ఆషాఢంలో పోయింది. పెద్దకర్మ రోజు కాకినాడ దగ్గర మా ఊరు ఉప్పాడలో తెల్లవారకముందు నుంచే ముసురు. టార్పాలిన్ కట్టి దాని కింద వంటవాళ్లు పెద్ద గిన్నెల్లో అన్నం వండుతున్నారు. గంజి వార్చినప్పుడు ఆవిరి మా వైపు తిరిగింది. వేడి గంజి వాసన, తడిసిన ఇసుక వాసన, ఎండబెట్టే దారిలేక ఎవరో గోనెల కింద కప్పిన ఉప్పుచేపల వాసన, మూడూ కలిసి వచ్చాయి. అప్పటిదాకా వచ్చినవాళ్లతో మామూలుగా మాట్లాడుతున్నవాణ్ణి, లేచి పెరటివైపు వెళ్లిపోయాను.

భోజనాల వేళకి ఒక ముసలామె గొడుగు మూసి లోపలికొచ్చింది. చిన్నప్పుడు మా వీధికి చేపలు తెచ్చిన ఆమె. పిల్లలందరం అత్తా అనే పిలిచేవాళ్లం. ఫొటోకి దణ్ణం పెట్టుకుని, "మీ పెద్దమ్మ నాకు చీర బాకీరా అబ్బాయ్. ఎగ్గొట్టి పోయింది" అంది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. మా పెద్దమ్మ కొడుకు గదిలోకి వెళ్లి పట్టుచీర ఒకటి తెచ్చి చేతిలో పెట్టబోయాడు. అత్త ముట్టుకోలేదు. "పట్టుది నేనేం చేసుకోను? ఆ బాకీ నూలుదిరా" అని వెనక్కి తోసేసింది.

పక్కన కూర్చున్న మా అమ్మాయికి ఈ గొడవ ఏమిటో అర్థం కాలేదు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన పిల్ల. దానికి చెప్పడం మొదలుపెడితే ఎక్కడెక్కడివో గుర్తొచ్చాయి.

*

ఉప్పాడ అంటే బయటివాళ్లకి చీరలు గుర్తొస్తాయి. 2009లో ఇక్కడి జాంధానీ నేత చీరకి భౌగోళిక గుర్తింపు వచ్చాక మరీను. పేపరు చదివేవాళ్లకైతే సముద్రం ఇళ్లని కోసేయడం గుర్తొస్తుంది. మాకు మాత్రం ఊరంటే మగ్గం ఇళ్లు, వల ఇళ్లు. రెంటికీ మధ్య ఒక వీధి దూరం. పొద్దున్నే నీళ్ల దగ్గర ఎదురైతే "కాఫీ తాగారా" అని కాదు, "గాలెటుంది?" అనే అడిగేవారు.

అప్పట్లో మా ఇంట్లో నేసేది నూలే. పడుగుకి, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులకి, గంజి పెట్టేది వీధిలోనే. చీకటుండగానే మా నాన్న, పెదనాన్న పడుగుని వీధి పొడుగునా సాచి కట్టి, గంజి పట్టించి, చెరోవైపు నుంచి కుంచెతో తోసేవారు. గంజి ఆరీ ఆరకుండా ఉన్నప్పుడే పోగుకి పోగు విడిపోవాలి. ఎండ ముదిరితే నూలు పెళుసెక్కుతుంది. చెమ్మ ఎక్కువైతే పోగులు అతుక్కుపోతాయి. మధ్యలో వాన పడిందా, ఆ పడుగు మీద అన్నాళ్లు పడ్డ కష్టం గంజినీళ్లతో పాటే పోయినట్టు. అందుకే "చినుకు!" అని ఏ మూల నుంచి ఎవరు అరిచినా వీధి మొత్తం పరిగెత్తేది. పడుగు మనదా పక్కింటిదా అని చూసే పని లేదు. పళ్లు తోముకుంటున్నవాడు కూడా నోట్లో వేపపుల్లతోనే ఒక కొస పట్టుకునేవాడు.

వానొక్కటే కాదు, వాన లేకపోయినా బాధే. మే నెలలో మధ్యాహ్నం పడమటి గాలి తోలిందంటే మగ్గం మీద పోగులు పుటుక్కు పుటుక్కుమని తెగేవి. నేసేవాళ్లు కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంట చుట్టూ నీళ్లు చల్లి, కిటికీకి తడిగోనె కట్టి, అయినా తెగిన పోగు అతుక్కుంటూ కూర్చునేవారు. ఏ మూడింటికో సముద్రం వైపు నుంచి గాలి తిరిగేది. ఎవరూ చెప్పక్కర్లేదు. మగ్గాల చప్పుడు మారేది. అప్పటిదాకా ఆగి ఆగి వినపడిన, పోగుని బిగించే పలక దెబ్బ ఒక వరసలో పడేది. వీధిలో గోళీలాడుకుంటున్న మాకు కూడా తెలిసిపోయేది, ఇంక ఇంట్లోకి వెళ్తే తిట్లు పడవని.

వల ఇళ్ల లెక్క వేరు. తెరచాప పడవలకి తెల్లవారుజామున నేల మీద నుంచి వీచే గాలి కావాలి, లోపలికి తీసుకెళ్లడానికి. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి కావాలి, ఒడ్డుకి తేవడానికి. పడమటి గాలి పట్టుబట్టి కూర్చుందంటే వెళ్లడం తేలికే, తిరిగి రావడమే నరకం. ఆ ఒక్క గాలి మాత్రం మా ఇద్దరికీ పడేది కాదు. మిగతా రోజుల్లో ఒకరికి మంచిదైతే ఇంకొకరికి చెడ్డది. ఎండ కాస్తూ, గాలిలో మరీ చెమ్మ లేకుండా, ఎక్కడో దూరాన పుట్టిన అలజడికి ఇక్కడ కెరటం ఇంతెత్తున లేస్తుంటే మగ్గాలు హాయిగా ఆడేవి, పడవలు ఒడ్డునే పడుండేవి. సన్న ముసురు పట్టి, కెరటం అణిగి ఉంటే వేట సాగేది, మగ్గాలు మూతపడేవి.

అత్త బాకీ పుట్టింది ఇక్కడే. ముసురు వారంలో చీర దిగదు, చీర దిగకపోతే షావుకారు డబ్బివ్వడు. అత్త మాత్రం తట్ట దించి, కవ్వళ్లో నెత్తళ్లో ఉన్నవి గిన్నెలో పోసి వెళ్లిపోయేది. పెద్దమ్మ గుమ్మం పక్క గోడ మీద బొగ్గుతో గీత గీసేది. కెరటం వారంలో అత్త తట్ట లేకుండా వచ్చి అరుగు మీద కూర్చునేది. అడగదు. పెద్దమ్మ లోపల్నుంచి బియ్యం కొలిచి తెచ్చేది, ఒక గీత చెరిపేది. ఏడాదంతా ఇలా గీయడం, చెరపడం. సంక్రాంతికి లెక్క చూసుకుని, మిగిలిన గీతలకి ఒక నూలుచీర. కానీ ఎప్పుడూ మొత్తం చెరిపేవాళ్లు కాదు. ఎందుకని అడిగితే పెద్దమ్మ, "పూర్తిగా తీర్చేస్తే మళ్లీ ముసుర్లో దాని ముఖం ఎలా చూస్తాను?" అనేది.

ప్రతి సున్నాల పండక్కీ ఆ గోడ ఒక్క మూరెడు మేర వెల్ల వేయకుండా వదిలేసేవాళ్లం.

*

వారం వాతావరణం ఊరందరికీ తెలిసేది సాయంత్రం టీ కొట్టు దగ్గర. కొట్టాయనకి మర్ఫీ రేడియో ఉండేది. వార్తలయ్యాక వాతావరణం చెప్తారనగా అక్కడి కబుర్లు ఆగిపోయేవి. "కోస్తాంధ్రలో ఒకటి రెండు చోట్ల", "కొన్ని చోట్ల", "పలు చోట్ల" అని చెప్పేవారు. ఆ మాటలు వాతావరణ శాఖ వాళ్లు ఊరికే వాడేవి కాదని, ఎన్ని కేంద్రాల్లో వాన పడొచ్చో దాన్నిబట్టి మాట మారుతుందని నేను ఎప్పటికో చదివి తెలుసుకున్నాను. అప్పుడు మాత్రం కొట్టాయన రోజూ ఒకటే గొడవ. "ఆ ఒకటి రెండు చోట్లల్లో ఉప్పాడ ఉందో లేదో చెప్పి చావరేమండీ?" అని రేడియోనే అండీ అని సంబోధించి మరీ అడిగేవాడు.

బ్యాటరీలు నీరసపడితే ఎండలో పెట్టేవాడు, ఇంకో రెండ్రోజులు పలకడానికి. అసలు చిక్కంతా అక్కడే. రేడియో ముఖ్యంగా కావలసింది ముసురు రోజుల్లో. ఆ రోజుల్లో ఎండ ఉండదు. పొయ్యి గట్టు మీద పెట్టి వెచ్చబెట్టేవాడు. టీ కంటే ముందు వాటికే మర్యాద.

మాటలు సరిగా వినపడకపోయినా, పడవ నడిపించే సరంగు తాత చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. ఆయన వినేది వార్తలు కాదు, మధ్యలో వచ్చే గరగర. ఎక్కడో మెరుపులు మెరుస్తుంటే రేడియోలో ఆ చప్పుడు పెరుగుతుంది. "లోపల గట్టిగానే ఉంది" అనేవాడు, సముద్రం వైపు చూసి. ఇంకా ఆయన దగ్గర చాలా లెక్కలుండేవి. చంద్రుడి చుట్టూ వరదగుడి కడితే "దూరపు గుడి చేరువ వాన, చేరువ గుడి దూరపు వాన" అనేవాడు. రాత్రి సముద్రం హోరు ఊరికి ఏ వైపు నుంచి ఎక్కువ వినపడుతోందో చూసి పొద్దున వేటకి వెళ్లేదీ లేనిదీ తేల్చేవాడు. తూనీగలు మరీ కిందికి ఎగిరితే మా పెదనాన్నకి కబురు పంపేవాడు, పడుగు సాచొద్దని.

అవి నిజమయ్యేవా అంటే, అవుతూ ఉండేవి, పోతూ ఉండేవి. తాత మాట విని పడుగు చుట్టేసుకున్న రోజున ఫెళ్లున ఎండ కాసిన సందర్భాలు చాలానే ఉన్నాయి. అలాంటప్పుడు పెదనాన్న ఎదురైతే తాత ముందే అందుకునేవాడు, "యానాం దగ్గర పడిందంట కదా" అని. ఇప్పుడు ఫేస్‌బుక్‌లో మన పూర్వీకులకి శాటిలైట్లు అక్కర్లేదని రాసేవాళ్లని చూస్తే నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

తుపాను రోజుల్లో మాత్రం తాత లెక్కలు పక్కకి పోయేవి. కాకినాడ రేవు నంబరే వేదం. అది కళ్లకి కనపడేంత దగ్గర కాదు. ఆఖరి బస్సు కండక్టరు మోసుకొచ్చేవాడు, "ఒకటో నంబరు ఎగరేశారు", "మూడుకి మార్చారు" అని. రేవులో పగలు స్తంభానికి శంకువులు, డోళ్ల ఆకారంలో గుర్తులు కట్టేవారు. రాత్రి ఎర్ర, తెల్ల దీపాలు. ఒకటి అంటే వాయుగుండం ఎక్కడో దూరంగా ఉంది, ఇప్పటికి రేవుకి భయం లేదు. మూడు అంటే ఈదురుగాలులు ఇటే రావచ్చు. ఎనిమిది, తొమ్మిది, పది అంటే మహాప్రమాదం. పదకొండు కూడా ఉంది. అది తుపాను ఎంత పెద్దదో చెప్పే అంకె కాదు, హెచ్చరికలు పంపే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని చెప్పే అంకె. ఈ సంగతి తెలిసిన రోజున నాకు పది కంటే పదకొండంటేనే ఎక్కువ భయమేసింది.

*

అలాంటి వారం ఒకటి బాగా గుర్తు. కార్తీకం దగ్గర పడుతోంది. మొదటి రోజు ఉక్క. ఆకు కదల్లేదు. సాయంత్రం ఆకాశం ఇటుకరాయి రంగులోకి తిరిగింది. మర్నాడు ఈశాన్యపు గాలి మొదలై, వాన ఏటవాలుగా కొట్టింది. బడికి సెలవన్నారు, మేం ఎగిరి గంతేశాం. తర్వాతి రోజుకి గంతులు ఆగిపోయాయి. ఇంట్లో పొడి కట్టె లేదు, పొడి బట్ట లేదు, బుడ్డి దీపంలో కిరసనాయిలు అడుగంటింది.

మా ఊరి నేలలో కాస్త తవ్వితే నీళ్లే. వానలు ముదిరితే మగ్గం గుంటలోకి ఊట దిగేది. పెదనాన్న చెంబుతో తోడి పోస్తుంటే, తోడినంత మళ్లీ ఊరేది. కాళ్లు నీళ్లలో పెట్టుకుని కాసేపు నేశాడు. తొక్కుడు చెక్కలు ఉబ్బి కదల్లేదు. లేచి వచ్చేసి, మగ్గం మీదున్న చీరకి దుప్పటి కప్పి, గోడకి జారగిలబడ్డాడు. పనిలేని మగవాడు ఇంట్లో ఉంటే ఎంత చిరాకు పుడుతుందో ఆ వారం మా ఆడవాళ్లందరికీ తెలిసింది. మా చేత నూలు కండెలు చుట్టించాడు, చుట్టినవి బాగోలేదని విప్పించాడు.

తిండికి తరవాణి అన్నం, చింతకాయ తొక్కు. ఒకపూట పప్పుచారు, కాల్చిన ఉప్పుచేప. ఆ చేప కాలుతుంటే పొగ బయటికి పోలేక ఇల్లంతా నిండి, ఒకరి ముఖం ఒకరికి కనపడేది కాదు.

అమావాస్య నాడు పోటు బలంగా ఉంటుంది. అమావాస్యకి మాకెలాగూ మగ్గం సెలవు. ఆ రాత్రి పోటూ తుపానూ కలిశాయి. నీళ్లు వల ఇళ్ల గుమ్మాల్లోకి వచ్చేశాయి. తలుపు కొట్టిన చప్పుడుకి పెద్దమ్మ లేచి చూస్తే, అత్త, ఆమె పిల్లలు, వెనక ఇంకా మూడు నాలుగు కుటుంబాలు, నెత్తిన వలలు, చేతిలో కోళ్లు. పెద్దమ్మ ముందు పడుగులు, పూర్తయిన చీరలు అటక మీదకి ఎక్కించింది. తర్వాత మగ్గాల మధ్య జాగాలో చాపలు వేసింది. తడి వలలు వసారాలో వేలాడదీశారు.

పెదనాన్నకి ఒకటే టెన్షన్, చీరలకి చేపల వాసన పట్టేస్తుందని. రెండుసార్లు గొణిగాడు. మూడోసారి పెద్దమ్మ అందరి ముందూ అంది, "చీరకి పట్టిన వాసన ఉతికితే పోద్ది. కొట్టుకుపోయిన మనుషుల్ని ఎక్కడ ఉతికి ఆరేస్తావు?"

ఆయన ఇంక మాట్లాడలేదు. కాసేపయ్యాక సరంగు తాతతో పేకాటకి కూర్చున్నాడు. పెద్దవాళ్లు ఆ రాత్రి పాత తుపానుల గురించి చెప్పుకున్నారు. 1839లో కోరంగి రేవుని ఊడ్చేసిన ఉప్పెన, తాతల నుంచి విన్న ముచ్చట. 1977 దివిసీమ ఉప్పెన అందరికీ తాజా గాయమే. అత్త వాళ్ల అన్న ఒకాయన మచిలీపట్నం వైపు పనికెళ్లి ఆ శవాల గుట్టలు చూసొచ్చాడు. చెప్తూ చెప్తూ పిల్లలం మెలకువగా ఉన్నామని గమనించి ఆపేశాడు. మేం కళ్లు మూసుకుని కూడా చెవులు రిక్కించే ఉన్నాం.

నాలుగో రోజో అయిదో రోజో వాన తెరిపిచ్చింది. అంత ఎర్రటి, తుక్కు నిండిన సముద్రాన్ని నేనెప్పుడూ చూడలేదు. రెండ్రోజులాగి పడవలు వెళ్లి, వలలు చిరిగేలా చేపలు తెచ్చాయి. కొనే నాథుడు లేడు. మా ఇంట్లో అన్నం కంటే చేపే ఎక్కువ తిన్నాం. ఆ గీతలు గోడ మీద గీయనివ్వలేదు అత్త.

*

1996 నవంబర్ 6 నాటికి నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నాను. దీపావళికి ఊరెళ్దామని టికెట్ తీసుకున్నాను. ఆ రాత్రి తుపాను కాకినాడకి దక్షిణాన తీరం దాటింది. కోనసీమలో కొబ్బరి తోటలు నేలకి ఒరిగిపోయాయని, వేటకెళ్లిన వందలమంది తిరిగి రాలేదని పేపర్లో చదవడం తప్ప ఇంటి సంగతి తెలీదు. ఫోన్లు పనిచేయలేదు. చనిపోయినవాళ్లు, ఆచూకీ తెలియనివాళ్లు కలిసి వెయ్యికి పైనే. భైరవపాలెం లాంటి ఊళ్లలో ఇంటికొకరు పోయారు అన్నట్టుండేది.

మా ఇల్లు నిలబడింది. సరంగు తాత చిన్నల్లుడు ఎక్కిన బోటు రాలేదు. ఎవరో ఒడిశా ఒడ్డుకి చేరారని, ఎవరో ఓడ ఎక్కించుకుందని కబుర్లు వస్తూనే ఉన్నాయి. తాత కూతురు సంక్రాంతి దాకా బొట్టు తీయలేదు. తాత అంతకుముందు రోజు గాలి చూసి ఏమన్నాడో, అల్లుడు అడిగాడో లేదో నాకు తెలీదు, అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఆ తర్వాత మాత్రం ఆయన గాలి గురించి నోరు విప్పలేదు. కుర్రాళ్లెవరైనా అడిగితే రేడియో వైపు చెయ్యి చూపించేవాడు.

*

ఆ టీ కొట్టు ఉన్న చోట ఇప్పుడు కెరటం విరుగుతోంది. గోదావరి ఇసుకతో రెండు వందల ఏళ్లలో సుమారు 16 కిలోమీటర్ల మేర పెరిగిన హోప్ ఐలాండ్ కాకినాడ రేవుని కాపాడుతుంది. దాని కొస దాటిన కెరటాల తాకిడి మా ఊరి మీద పడుతుందని చెప్తారు. పైన ఆనకట్టల వల్ల ఇసుక రావడం కూడా తగ్గింది. ఇసుక నింపిన పెద్ద గొట్టాల్లాంటి సంచులతో, అదే జియోట్యూబులతో, గోడ కట్టారు, సముద్రం దాన్నీ చించింది. రాళ్లు పోశారు. బీచ్ రోడ్డు వేసిన ప్రతిసారీ ఏదో ఒక వాయుగుండం వచ్చి కొరుక్కుపోతూనే ఉంది. అత్త వాళ్లు ఇల్లు మార్చి ఇప్పుడు మా వీధి వెనక్కే వచ్చారు.

మగ్గాలు పట్టుకి మారాయి. వీధిలో గంజి పడుగులు లేవు. గుంటలకి సిమెంటు చేయించుకున్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రోజులకి ప్రభుత్వం ఇచ్చే భృతి ఉంది. హెచ్చరికలు ఫోన్లకే వస్తాయి. రెండ్రోజుల ముందే పడవలన్నీ వెనక్కి రప్పిస్తున్నారు. తాత అల్లుడి వయసు కుర్రాళ్లు ఇప్పుడు అలా గల్లంతవడం తక్కువ. దీనికి నేను సంతోషిస్తాను, అందులో అయితే గియితే ఏమీ లేవు.

విచిత్రమేమిటంటే సముద్రం సంగతి చెప్పే ఆఫీసు ఇన్‌కాయిస్ ఉన్నది సముద్రం లేని హైదరాబాద్‌లో, ప్రగతినగర్‌లో. మా ఫ్లాటు నుంచి ఆటోకి దగ్గరే. కెరటం ఎన్ని మీటర్లు లేస్తుందో, ఎక్కడ చేపలు దొరకొచ్చో వాళ్లే చెప్తారు. ఉప్పాడ నుంచి వచ్చినప్పటి నుంచి మా అమ్మాయి రోజూ వాళ్ల సైటు తీసి చూస్తోంది. మొన్న వాయుగుండం అన్న వార్త రాగానే నేనూ చూసి, పెద్దమ్మ కొడుక్కి ఫోన్ చేశాను. కెరటం ఎత్తు ఇంతని, గురువారం దాకా జాగ్రత్తని చెప్పాను.

"అది నాకెందుకన్నయ్యా, మేడెక్కితే కనపడుతుంది" అన్నాడు. "కాకినాడ రోడ్డు మూసేశారో లేదో అందులో చూపిస్తుందా? కొరియర్ వాడు మూడ్రోజుల్నుంచి రావట్లేదు."